ఆసేబ్ ఇల్లు, జాసూస్ సవాల్

దయ్యాల కథ, జాసూసీ కథ అక్కాచెల్లెళ్లు. పెద్దది భయపెడుతుంది. చిన్నది ఆ భయానికి హిసాబ్ అడుగుతుంది.

తారీఖ్ చూద్దాం. ఇంగ్లండులో 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'తో గోథిక్ నవల మొదలైంది. పాత ఖిలా, చీకటి దారులు, ఖాన్‌దాన్‌కు తగిలిన శాపం. ముప్పై ఏళ్లకు ఆన్ రాడ్‌క్లిఫ్ తన నవలలో దడ పుట్టించిన వింతలకు ఆఖర్న మామూలు కారణాలు చూపించింది. జాసూసీ కథకు పునాది అక్కడే పడింది. అమెరికాలో ఎడ్గర్ అలన్ పో 1839లో అషర్ ఖాన్‌దాన్ పాడుబడ్డ ఇంటి కథ రాశాడు. 1841లో అదే కలంతో ద్యూపా అనే జాసూస్‌ను పుట్టించాడు. కోనన్ డాయిల్ బాస్కర్‌విల్ కథలో నిప్పులు కక్కే దయ్యపు కుక్క వెనుక ఉన్నది జాయిదాద్ మీద కన్నేసిన మనిషి.

మన జబాన్‌లోనూ అంతే. ఇబ్నె సఫీ 1955లో ఇమ్రాన్ సిరీస్ మొదలుపెట్టిన నవల పేరే 'ఖౌఫ్‌నాక్ ఇమారత్'. పాడుబడ్డ ఇంట్లో లాషులు, ఒంటిమీద సమాన దూరంలో మూడేసి గాయాలు. ఇమ్రాన్ వెతికింది భూతాన్ని కాదు, ఖాతిల్‌ను. ఉర్దూ మీడియంలో చదివిన నాకు తహ్‌ఖీఖ్ అంటే ఏమిటో మొదట నేర్పింది ఇమ్రానే. తర్వాత తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ దొరికాడు. అతనిదీ సబూత్ అడిగే దారే. యండమూరి 'తులసిదళం' వచ్చాక మాత్రం ఇంటింటా చేతబడి మాటే. పసిపాప మీద ప్రయోగం అనగానే డాక్టర్ల మాట ఎవరికి గుర్తుంటుంది?

మా ఉక్కునగరంలో పాత హవేలీలు లేవు. అన్నీ సెక్టార్లు, నంబర్లేసిన క్వార్టర్లు. అయినా ఆడపిల్ల రెండు రోజులు అన్నం మానేస్తే "అసర్ అయింది" అనే మాట ఇక్కడికీ వస్తుంది. ఆ మాట నిఖా దాకా పిల్ల వెంటే నడుస్తుంది. ఈలోపు అసలు బీమారీ ముదురుతుంది.

జిన్నులున్నాయని ఈమాన్ ఉంచడం వేరు, ప్రతి జ్వరానికీ జిన్నును ముల్జిమ్ చేయడం వేరు. పిల్లల్ని దయ్యాల కథలు చదవనివ్వండి, మజా ఉంటుంది. పక్కనే ఒక జాసూసీ కితాబ్ కూడా పెట్టండి. రేపు ఎవరైనా "ఆ ఇంట్లో ఆసేబ్ ఉంది" అంటే, "ఎవరు చూశారు? ఈ మాటతో ఫాయిదా ఎవరికి?" అని ఆ పిల్లలే అడుగుతారు.