ముందు దుడ్లా, ముందు మూటా?

కిందటి శ్రావణంలో నాకొక సరదా పుట్టింది. పెళ్లికి ముందు నేర్చుకుని, ఆ తర్వాత అటకెక్కించిన ఎంబ్రాయిడరీని మళ్లీ కిందికి దించాలని. మా కృష్ణగిరిలో దారం అడిగితే నాలుగైదు రంగులు చూపిస్తారు. తక్కినవాటికి ఆదోనికో ఎమ్మిగనూరుకో బస్సెక్కాలి. ఈ ఎండలో ఎవరు పోతారులే అని ఫోను తీశాను. నా మనసులో మాట విన్నట్టే ఒక బొమ్మ ప్రత్యక్షమైంది. వంద రంగుల దారాలు, రెండు చెక్క ఫ్రేములు, సూదుల డబ్బా, అన్నీ కలిపి 299 రూపాయలు! పక్కనే ఒక గడియారం, ఇంకా పదకొండు నిమిషాలే మిగిలాయని తొందర పెడుతోంది. కూరగాయలవాడి దగ్గర కొత్తిమీర కట్టకి పావుగంట బేరమాడే నేను, ఆ పదకొండు నిమిషాల్లో మూడు నిమిషాలు కూడా వాడుకోకుండా డబ్బు కట్టేశాను.

ఆరో రోజున పార్సిలు వచ్చింది. విప్పితే రెండు చేతిరుమాళ్లు. అంతే. దారం పోగు కూడా లేదు. ఏదో ఒకటి పంపినట్టు, అది నాకు ముట్టినట్టు రుజువుండాలి కదా, అందుకని రుమాళ్లు! ఆ దుకాణం కోసం ఫోనులో వెతికితే, సంత ఎత్తేసిన మైదానంలా ఖాళీ.

మా అవ్వకి తొంభై దాటాయి. మంచం మీద కూర్చుని ఇదంతా చూసి, ఒక్క ప్రశ్న అడిగింది. "ముందు దుడ్లు ఇస్తివా, ముందు మూట ఇప్పి చూస్తివా?"

ముందు దుడ్లే ఇచ్చానన్నాను. అవ్వ బోసినోటితో నవ్వింది. "మా నాయన కూడా అంతే చేసె!" అంది.

ఆవిడ చెప్పిన కథ ఇది. అవ్వ చిన్నప్పుడు వాళ్ల నాయనకి ఫోటోలు తీయాలని మహా పిచ్చి. ఏదో పత్రికలో ప్రకటన చూసి, దూరపు పట్నానికి కార్డు రాసి, కెమెరా తెప్పించుకున్నాడు. పోస్టుమాను గడపలో నిలబడి ఆరు రూపాయలు లెక్కపెట్టుకున్నాకే పెట్టె చేతికిచ్చాడు. లోపల నల్లరంగు వేసిన రేకు డబ్బా, దానికో కన్నం, అడుగున చిన్న అద్దం. మొహం పెడితే మొహం కనిపిస్తుంది. ఫోటో మాత్రం రాదు. ఆ అద్దంలో చూసుకునే వాళ్లమ్మ చాలా ఏళ్లు బొట్టు పెట్టుకుందట!

అవ్వ నవ్వుతూ చెప్పింది గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముందు దుడ్లా, ముందు మూటా? ఈ బేరం మన ఫోన్లతో పుట్టింది కాదన్నమాట.

మన దేశంలో విపిపి అనే ఏర్పాటు 1877లో వచ్చింది. అంటే మనీ ఆర్డరు కన్నా మూడేళ్లు ముందే. వస్తువు పోస్టులో వస్తుంది, దాని ధర పోస్టుమాను వసూలు చేస్తాడు, ఆ డబ్బు పోస్టాఫీసు ద్వారా అమ్మినవాడికి చేరుతుంది. మారుమూల పల్లెలో కూచున్నవాళ్లకి పుస్తకాలు, మందులు, గడియారాలు గడప దగ్గరికొచ్చాయి. ఎంత గొప్ప సౌకర్యమో చూడండి. కాకపోతే డబ్బు కట్టాకే మూట విప్పాలి. తపాలావారు మూటని మోస్తారే గానీ, లోపల కెమెరా ఉందో అద్దం ఉందో వాళ్లకేం తెలుసు?

దొంగకి ఆ ఒక్క సందు చాలు. అడగనివాళ్లకి కూడా పార్సిళ్లు పంపి డబ్బు లాగే ప్రబుద్ధులుంటారని ప్రభుత్వానికి ఆనాడే తెలుసు. అందుకే 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో, ఇది నిజంగా వచ్చిన ఆర్డరు మీదే పంపుతున్నానని పంపేవాడు రాసివ్వాలనే నియమానికి చోటు పెట్టారు. ఆ చట్టం పోయి 2024లో కొత్తది అమల్లోకి వచ్చింది. బుద్ధులు మాత్రం అవే. మొన్న మా పక్కింటమ్మాయి ఊళ్లో లేనప్పుడు ఆమె పేరున పార్సిలొస్తే, అత్తగారు పాపం నిజమేననుకుని ఏడొందలు కట్టి తీసుకున్నారు. కోడలు అసలేమీ తెప్పించనే లేదు.

విపిపి మీద నమ్మకంగా బతికినవాళ్లు లేరా అంటే, బోలెడుమంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెప్పుకుంటారు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. మన ఆడవాళ్లకి ఇంకా దగ్గరిది గృహలక్ష్మి. 1928లో మద్రాసులో దాన్ని స్థాపించిన కె.ఎన్. కేసరిగారు, ఆడవాళ్ల మందు లోధ్ర తయారుచేసిన వైద్యులు కూడా. ఇందులో కిటుకు గమనించారా? మందు చేసే మనిషీ, పత్రిక నడిపే మనిషీ ఒకరే. ఇంటిపేరుతో సహా లోకానికి తెలుసు. మందు పని చెయ్యకపోతే ఉత్తరం ఎవరికి రాయాలో చదివేవాళ్లకి తెలుసు. అవ్వ నాయన కెమెరా ప్రకటన కింద ఉన్నది ఒక పెట్టె నంబరు మాత్రమేనట.

అనుమానం ఎక్కువైతే ఇంకో చిక్కుంది. అమెరికాలో మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన 1872లో షికాగో నుంచి పల్లెటూరి రైతులకి పోస్టు మీద సరుకులమ్మడం మొదలుపెట్టాడు. మొదటి జాబితా ఒకే ఒక్క కాగితం. దళారులు లేరు కనక ధరలు తక్కువ. దుకాణం చూద్దామంటే కనబడదు. ఇంకేం, ఆ మరుసటేడు అక్కడి పెద్ద పత్రిక షికాగో ట్రిబ్యూన్, రైతులారా జాగ్రత్త, ఇది దగా అని రాసేసింది. తర్వాత నిజం తెలిసి క్షమాపణ చెప్పుకుంది. నచ్చకపోతే డబ్బు వాపసు అని 1875లో వార్డ్ హామీ ఇచ్చాడు. తపాలా మోసాలని నేరంగా చేసిన అమెరికా చట్టం కూడా 1872లోదే. ఒకే ఏడు అటు మంచి దుకాణమూ పుట్టింది, దొంగ దుకాణాలకి శిక్షా పుట్టింది.

ఈ కథ నాకెందుకు ముఖ్యమంటే, మా ఎమ్మిగనూరు కోసం. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. తర్వాత ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఊరూపేరూ లేని నేతగాడి బట్టకి సంఘం ఒక పేరిచ్చింది, చిరునామా ఇచ్చింది. దుప్పటి రంగు వెలిసినా, చివర పోగులూడినా అడగడానికి ఒక గుమ్మముంది.

ఇవాళ మగ్గం మీద నేసే అమ్మాయి ఫోనులో నాలుగు ఫోటోలు పెట్టి చీర అమ్ముకుందామంటే, ఆ ఫోటోలనే ఎవడో ఎత్తుకుపోయి తన దొంగ దుకాణంలో పెడుతున్నాడు. అసలు చీర మూడువేలైతే వాడు ఆరొందలంటాడు. మనం ఆరొందలకి మోసపోయి, కసి కొద్దీ మూడువేల అమ్మాయిని అనుమానిస్తాం. పోయిన ఆరొందలు మనవి. పోయిన బేరం ఆమెది. నాకైతే రెండోదే ఎక్కువ బాధ. చేనేతకి గుర్తుగా హ్యాండ్లూమ్ మార్కని 2006లో ఒకటొచ్చింది. చీర కొనేటప్పుడు అది అడిగి చూడటం తప్పేం కాదు. అడిగితే నేసినవాళ్లు నొచ్చుకోరు.

అయితే దొంగ దుకాణాన్ని పోల్చేదెలా? ఆదోని పత్తి యార్డులో వ్యాపారి దూదిని చేత్తో లాగి, పింజ చూసి గానీ ధర చెప్పడు. ఫోనులో చెయ్యి పెట్టి లాగలేం కనక, లాగడానికి వేరే పోగు వెతుక్కోవాలి. నేను దెబ్బ తిన్నాక నేర్చుకున్నది, బొమ్మ చూడకముందు పేజీ అడుగుకి పోవడం. అక్కడ అమ్మేవాళ్ల పూర్తి పేరు, చిరునామా, ఫిర్యాదులు వినే అధికారి పేరు ఉండాలి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇది వాళ్ల దయ కాదు, బాధ్యత. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. నా రుమాళ్ల దుకాణానికి చిరునామా ఉంది సుమా! తర్వాత మ్యాపులో చూస్తే అక్కడున్నది ఒక పెట్రోలు బంకు.

ఇంకోటి. పేజీ పైన తాళం బొమ్మ ఉంటే భద్రమనుకున్నాను. మనం పంపే సమాచారం దారిలో ఎవరూ చదవకుండా అది కాస్తుందట. అవతల కూచున్నవాడు దొంగా దొరా అన్నది దానికి పట్టదు. ఆ దుకాణం పేరు ఎప్పుడు రిజిస్టరైందో చూసే వీలు కూడా ఉందని మా అబ్బాయి చూపించాడు. నేను కొనడానికి సరిగ్గా మూడు వారాల ముందు పుట్టింది. పాతికేళ్లుగా మీ సేవలో అని రాసుకుందప్పా!

పిల్లలు పాత నాణేలు పోగుచేసే ఇళ్లలో మరికాస్త మెలకువ కావాలి. మీ అయిదు రూపాయల బిళ్లకి లక్షలిస్తాం, ముందు కమిషను కట్టండి, పన్ను కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరుతోనే మోసాలు చేస్తే, 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన చేయాల్సొచ్చింది, మేం అలాంటి బేరాలు చెయ్యం, ఎవరి దగ్గరా రుసుము అడగం అని. ఇక్కడ కొనడం కాదు, అమ్మడంలోనూ ముందు దుడ్లే!

పోయాక ఏం చెయ్యాలన్నది కూడా మారింది. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, దూరపు ఊళ్లో వ్యాపారి మీద కేసంటే చాలాసార్లు వాడి ఊరికే పోవాలి. ఆరు రూపాయల కెమెరాకి అంత దూరం ఎవరు పోతారు? 2019 చట్టం వచ్చాక మనమున్న చోటే ఫిర్యాదు వేయొచ్చు. డబ్బు మోసానికి 1930కి ఫోను చెయ్యాలి, అదీ వెంటనే. ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. వస్తువు బాగోలేదన్న తగాదాకి 1915.

నేను 1930కి చేశాను, కానీ వారం సిగ్గుపడి, ఆ తర్వాత. 299 రూపాయలకి ఇంత గోలా అని మావారు నవ్వుతారేమోనని. ఆయన నవ్వలేదు. తనూ కిందటేడు చేపల గాలం ఒకటి తెప్పించుకుని ఇలాగే ఊరుకున్నానని అప్పుడు బయటపెట్టారు.

శుక్రవారం పొద్దున ఆదోని బస్సెక్కాను. ఫ్యాన్సీ షాపాయన డబ్బాలన్నీ నా ముందు బోర్లించాడు. ఆకుపచ్చలోనే ఏడు ఛాయలు. వేలికి చుట్టి, వెలుతురులో చూసి, బేరమాడి మరీ కొన్నాను. ఇంటికొచ్చాక అవ్వ ఒక్కో కట్టా తడిమి చూసి, మిషను కుట్టు రుమాళ్లలో ఒకటి నా ముందు పెట్టింది. "దీని మీదే కుట్టు. బట్టకేమి పాపం?" అంది.