అటక మీది చరిత్ర

అటక అనే మాట మనకు ఎంత పాతదో, ఎంత చిన్నచూపుకు గురైందో! ఇంట్లో ఏ వస్తువుకైనా కాలం చెల్లితే "అటకెక్కింది" అంటాం. సంస్కృతంలో "అట్ట" శబ్దానికి మేడ, బురుజు అనే అర్థాలున్నాయి. కన్నడంలో అట్ట అంటారు. శ్రీకాకుళానికి పొరుగున ఉన్న ఒడియాలో ఆటు అంటే మట్టి పరచిన పైకప్పు లోపలి అరుగు. ఇంగ్లీషు "ఆటిక్" కూడా ఈ కుటుంబంలోదేనేమోనని చిన్నప్పుడు భ్రమపడేవాణ్ణి. అది గ్రీకుల ఆటికా ప్రాంతపు శిల్పరీతి నుంచి వచ్చిన మాట. పోలిక కేవలం కాకతాళీయం.

టెక్కలి సమీపాన మా తాతగారి ఇంటి పైకప్పును 2019 వేసవిలో బాగుచేయించి, అటకను చదువుకునే గదిగా మార్చుకున్నాం. ఆ పని సాగిన రెండు నెలల్లో, ఒక ఇంటి కప్పును విప్పడమంటే ఒక ప్రాంతపు చరిత్రను పొరలు పొరలుగా విప్పడమేనని అర్థమైంది. ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తరాంధ్ర తీరంలో పెంకుటిల్లు తరువాత వచ్చిన అతిథి. దానికి ముందరిది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దానిపైన శంకువు ఆకారంలో తాటాకు కప్పు, మనిషి వంగి వెళ్ళవలసినంత కిందికి దిగిన చూరు. చూసేవారికి ఇది పేదరికపు గుర్తుగా కనిపిస్తుంది గాని, నిజానికి ఇది తుపానుల నుంచి నేర్చుకున్న పాఠం. గాలి కప్పును పైనుంచి నొక్కి కూల్చదు. అంచుల వద్దా వెన్ను వద్దా పైకి పీల్చి లేపుతుంది. గుండ్రటి ఇంటికి గాలికి ఎదురు నిలిచే మూల లేదు. నేలకు దగ్గరగా దిగిన చూరు కిందికి గాలి దూరడానికి చోటు తక్కువ. తాటాకు కప్పుకు అసలు శత్రువు నిప్పు. అందుకే ఈ ప్రాంతంలోనూ, ఒడిషా పల్లెల్లోనూ తాటాకు కప్పు కింద కర్రలు పరచి, వాటిపై మందంగా మట్టి మెత్తి అటక కట్టే పద్ధతి ఉండేది. పైన కప్పు కాలిపోయినా మట్టి అటక కింద ధాన్యమూ మనుషులూ మిగిలేవారు. అంటే అటక మొదట పాత సామాను పడవేసే చోటు కాదు, ఇంటికి కవచం.

మా ఇంటి నడిమి దూలం మీద "ప్రజోత్పత్తి" అని ఉలితో చెక్కి ఉంది. అంటే 1931-32. దాని కిందే అటక పలకలు. దూలం గుగ్గిలపు కర్ర, వాసాలు ముదురు తాటివి. తాటిచెట్టు కాండానికి చేవ అంతా వెలుపలి అంచునే ఉంటుంది, నడుమ ఉన్నదంతా మెత్తని దూది. అందుకే ముదురు చెట్టును చీల్చి, లోపలి మెత్తదనం చెక్కివేసి, నల్లని అంచును మాత్రమే వాసంగా వాడతారు. దూలాలు పర్లాకిమిడి వైపు నుంచి చిన్నరైలులో వచ్చాయని తాతగారు చెప్పేవారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ సన్నపట్టాల రైలు 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. మా దూలానికీ ఆ పొడిగింపుకూ ఒకే వయస్సు.

పెంకుల కథ ఇంకా దూరం నుంచి మొదలవుతుంది. మన కుమ్మరులు సారె మీద చేసిన గూనపెంకులు ఒకదానిమీద ఒకటి బోర్లించి పేర్చేవి. వాటిని పట్టి ఉంచేది వాటి బరువే. పిల్లి నడిచినా, కోతి దూకినా జరిగిపోతాయి. అందుకే ఏటా వానలకు ముందు ఇల్లు తిరగనేయించక తప్పదు. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ మంగుళూరులో పెంకుల కర్మాగారం నెలకొల్పాడు. అక్కడ అచ్చువేసిన పెంకుకు గాడి, నాలుక ఉంటాయి. ఒకటి మరొకదాన్ని పట్టుకుని నిలుస్తుంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు చాలు. మత ప్రచారానికి వచ్చినవారు మతం మారినవారికి ఉపాధి చూపే ప్రయత్నంలో ఒక దేశపు ఇళ్ళ రూపాన్నే మార్చివేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ కర్మాగారాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి గాని, పెంకుకు మంగుళూరు పేరు మాత్రం పోలేదు. ఎక్కడ తయారైనా అది మంగుళూరు పెంకే. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుకోస్తా రైలుమార్గం 1893-96 మధ్య పడ్డాకే ఇటువంటి బరువైన సరుకు మా వంటి ఊళ్ళకు సులువుగా చేరగలిగింది.

ఒక తమాషా చూడండి. ఈ ఇల్లు కట్టినప్పుడు మద్రాసు రాజధానిలో గంజాం జిల్లాలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. దూలం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పర్లాకిమిడి అటు పోయింది, ఇల్లు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. కదలకుండా కూర్చున్న ఇంటికి ఇన్ని చిరునామాలు! అటక మీద దొరికిన శిస్తు రసీదుల కట్టలో ఈ మార్పులన్నీ వరుసగా ఉన్నాయి.

ఇక చెప్పుకోవడానికి కష్టమైన భాగం. మా ప్రాంతానికి ఆశ్వయుజ మాసం అంటే భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ వద్ద గంటకు 170-180 కిలోమీటర్ల గాలితో దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర 140-150 కిలోమీటర్ల గాలితో దాటి, ఉద్దానం కొబ్బరిచెట్లను నేలకూల్చింది. హుద్‌హుద్‌లో మా కప్పు మీద కొప్పుపెంకులు కొన్నే జరిగాయి. పండక్కి వెళ్ళినప్పుడు చూశాను. ఒక పట్టా కప్పించి, వచ్చే వేసవికి చూద్దామనుకున్నాను. ఆ వేసవి నాలుగేళ్ళు రాలేదు. తిత్లీ తరువాత అటక ఎక్కితే, తాతగారు కట్టలు కట్టి దాచిన భారతి సంచికలూ, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలూ ఒక మూల ముద్దగా ఉన్నాయి. ముట్టుకుంటే తడి మట్టిలా విడిపోయాయి. వాటిని పాడుచేసింది తిత్లీ కాదు. నాలుగేళ్ళపాటు చుక్కచుక్కగా కారిన నీరు, నా వాయిదా. తుపానుకు పేరుంటుంది, నిర్లక్ష్యానికి ఉండదు.

ఆ తరువాత ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. పడగొట్టి స్లాబు వేద్దామన్నాడు మా అన్నయ్య. అతని వాదనలో బలం లేకపోలేదు: తుపానులో జనం పరుగెత్తింది స్లాబు ఇళ్ళలోకే. అమ్మ మాత్రం ఒక్క మాటే అంది: "ఎనభై ఏళ్ళు నిలిచిన దాన్ని మీరు నాలుగేళ్ళు చూసుకోలేకపోయారు, స్లాబును మాత్రం చూసుకుంటారా?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. చివరికి పెరటి వైపు వంటగదికి స్లాబు, ముందు ఇంటికి మరమ్మతు అని రాజీ కుదిరింది.

పని పట్టిన వడ్రంగి మేస్త్రి డెబ్బై ఏళ్ళ పైబడినవాడు. అటకలో తలెత్తి నిలబడడానికి అడ్డువస్తోందని అడ్డదూలం ఒకటి తీయించబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు. "అది తీసేత్తే గోడలు రెండూ చెరోపక్కకీ పోతాయి బాబూ. వాసాలు తోస్తన్నాయి, ఇదే పట్టుకుంది" అన్నాడు. అటకను గదిగా మార్చాలనుకునేవారు మొదట తెలుసుకోవలసిన సూత్రం ఇదే. వాలుకప్పు బరువు వాసాల గుండా గోడల్ని బయటికి తోస్తుంది. ఆ తోపుడును ఆపేది అడ్డదూలం. కాబట్టి దూలాన్ని ఉంచి, మేమే వంగి నడవడం నేర్చుకున్నాం.

పెంకులన్నీ దింపి, మంచివి ఏరాం. పుచ్చిన వాసాలు ఆరు, రీపర్లన్నీ మార్చాం. చూరు వరుసలోనూ కొప్పు దగ్గరా పెంకులను రాగితీగతో రీపర్లకు కట్టించాం, గాలి పీల్చేది అక్కడే కనుక. వాసాలను గోడలోని దూలానికి ఇనుపపట్టీలతో బిగించాం. వెలుతురుకు నాలుగు గాజుపెంకులు పెట్టించి, త్రికోణపు గోడలు రెండింటిలోనూ ఎదురెదురుగా చిన్న కిటికీలు తీయించాం. లేకపోతే వేసవి మధ్యాహ్నం అటక కుంపటి అవుతుంది. ఖర్చు స్లాబుకన్నా తక్కువే అయింది. శ్రమ మాత్రం ఎక్కువ.

మిగిలిన పత్రికల సంగతి చెప్పి ముగిస్తాను. తడవని కట్టలను నీడలో ఆరబెట్టి, దుమ్ము దులిపి, శ్రీకాకుళంలోని కథానిలయానికి అప్పగించాను. యజ్ఞం కథ రాసిన కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరిలో ప్రారంభించిన ఇల్లు అది. పత్రికల్లో ఒకసారి అచ్చయి, పుస్తకాలకెక్కక, ఎవరి అటకల మీదనో మిగిలిన కథలకు ఒక చూరు కల్పించాలన్నది ఆయన తపన. 2021 జూన్ 4న ఆయన వెళ్ళిపోయారు, ఇల్లు నిలిచింది. కుప్పగా కరిగిపోయిన ఆ మూల కట్టలో ఏ కథలుండేవో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ అటక మీద ఒక బల్ల, ఒక దీపం, కొన్ని పుస్తకాలు. వాన మొదలైతే ముందు పైకి చూస్తాను, తరువాతే పుస్తకం తెరుస్తాను. మీ ఊళ్ళో పాత ఇల్లు ఇంకా నిలిచి ఉంటే, ఈ వానలకు ముందే ఒకసారి అటక ఎక్కి రండి. కొప్పుపెంకు ఒక్కటి జరిగి ఉన్నా, వేసవి దాకా ఆగకండి.