డీపీ బొమ్మలూ, అవ్వ కాంచళీ

లక్షలు పోసి డీపీ బొమ్మ కొన్నోళ్లు దాన్ని ఉంచుకున్నారా, అమ్ముకున్నారా అని మా హాస్టల్లో రాత్రంతా ఒకటే వాదన.

2017 జూన్‌లో లార్వా ల్యాబ్స్ 10,000 క్రిప్టోపంక్ బొమ్మలు చేసి, 9,000 ఉచితంగా ఇచ్చేసింది. 2021 ఏప్రిల్‌లో బోర్డ్ ఏప్ అనే కోతిబొమ్మ 0.08 ఈథర్‌కి దొరికింది. 2022 జనవరిలో గాయకుడు జస్టిన్ బీబర్ అలాంటిదే 500 ఈథర్లకు కొన్నాడు, అంటే సుమారు 13 లక్షల డాలర్లు! ఆ ఏడాదే ధరలు కూలాయి. కొందరు అమ్మేశారు, కొందరు ఇంకా ఉంచుకున్నారు. మాకైతే, ధర ఎక్కేటప్పుడు అభిమానం ఎంతో తేల్చలేం అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్ 1949లో పోయేదాకా వస్తువులు కొంటూనే ఉన్నాడు. అవి 1951 డిసెంబర్ 16న మ్యూజియం అయ్యాయి.

మాది రామసముద్రం దగ్గర సుగాలి తండా. అవ్వ కుట్టిన అద్దాల కాంచళిని ఇంట్లో డబ్బుల్లేక ఒక బేరగాడికి ఇచ్చేశాం. కోతిబొమ్మ ఎన్ని చేతులు మారినా బ్లాక్‌చెయిన్‌లో లెక్క ఉంటుంది. తిరిగి అమ్మినప్పుడల్లా చేసినోళ్లకి 2.5 శాతం వచ్చేలా కూడా అప్పట్లో పెట్టుకున్నారు. కాంచళి ఎక్కడుందో మాకు తెలీదు, అవ్వకి ఆ పైన పైసా రాలేదు.

ఈ సెలవుల్లో తండాలో మిగిలిన కాంచళ్లన్నీ ఫోటో తీసి, ఏది ఎవరు కుట్టారో రాసుకుంటాం. మీ తండాల్లోనూ ఉంటే చెప్పండి.