కొనుగోలు కిటుకు: రాచ్‌డేలు నేతగాళ్ల కథ



సరుకు అమ్ముకోవటంలో తెలివి కావాలని మీకు వేరే చెప్పనక్కర లేదు. ధర వచ్చేదాకా ఆగటం, నాలుగు కొట్ల దగ్గర బేరం విచారించటం, తరుగు ఎంత తీస్తాడో ముందుగానే అడగటం, ఇవన్నీ మీకు అలవాటైన సంగతులే. అయితే కొనేవాడు కొనే తీరు మారితే పండించేవాడి బ్రతుకు కూడా మారుతుందని మనం అంతగా ఆలోచించము. ఈ మాట రుజువైన చోటు ఒకటి ఇంగ్లండులో వున్నది. దాని కథ చెబుతాను, వినండి.

మాంచెస్టరుకు దగ్గరలో రాచ్‌డేలు అనే ఊరు. అక్కడివారు ఎక్కువమంది ఫ్లానెలు అనే ఉన్నిబట్ట నేసి పొట్టపోసుకునేవారు. కూలి చాలదు, దుకాణంలో అప్పు తప్పదు. అప్పున్న మనిషి నోరెత్తి ‘ఇదేం సరుకయ్యా?’ అని అడగగలడా? అడగలేడు. అంచేత పిండిలో సుద్ద, రొట్టెలో పటిక, చక్కెరలో ఇసుక కలిసేవి. ఒకసారి కాచి పారేసిన తేయాకును మళ్ళీ ఎండబెట్టి, రంగు పూసి అమ్మేవారు. ఇది ఉత్త నింద కాదు. 1851 మొదలుకొని ఆర్థర్ హిల్ హాసల్ అనే వైద్యుడు దుకాణాల నుంచి సరుకులు తెప్పించి, సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అమ్మినవారి పేర్లతో సహా ‘లాన్సెట్’ పత్రికలో అచ్చు వేయించాడు. ఆ గొడవ వల్లనే 1860లో కల్తీని అరికట్టే చట్టం వచ్చింది.

చట్టం రాకముందే రాచ్‌డేలువారు తమ దారి తాము వెతుక్కున్నారు. 28 మంది కలిసి, మనిషికి ఒక పౌను చొప్పున 28 పౌనులు పోగుచేసి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓటుపిండి, కొవ్వొత్తులు - అంతే సరుకు. ఆ రాత్రి వీధి కుర్రకారు గుమిగూడి గేలి చేశారని చెబుతారు. కొట్టు కట్టుబాట్లు మాత్రం గట్టివి. అప్పు లేదు, రొక్కమే. తూకం నిండుగా వుండాలి. కల్తీ కూడదు. ధర బజారు ధరే గాని, మిగిలిన లాభం ఎవరు ఎంత సరుకు కొన్నారో అంత లెక్కన వారికే తిరిగి ఇస్తారు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు.

ఇంతవరకు చాలామంది సహకార ఉపన్యాసాలలో విన్నదే. నేను చెప్పదలచింది దీని తరువాతి సంగతి.

తక్కెడ దగ్గర నువ్వెంత నిజాయితీగా వున్నా, గోతంలో వచ్చిన సరుకే పాడైతే చేసేదేముంది? రాచ్‌డేలువారు పిండి తెచ్చుకునేది మరొకరి దగ్గరే గదా! అందుకని 1850లో సొంత పిండిమర సంఘం పెట్టుకున్నారు. ఈలోగా ఇంగ్లండు ఉత్తరాన ఊరూరా ఇటువంటి కొట్లు వెలిశాయి. ప్రతి కొట్టూ విడివిడిగా టోకు వర్తకుల గుమ్మాలు తొక్కేది. కొద్ది సరుకు కొనేవాడి మాటకు బలం ఎక్కడుంటుంది? పైగా చిల్లర వర్తకులు కొందరు, ‘ఆ సంఘాలకు సరుకిస్తే మేము మీ దగ్గర కొనము’ అని టోకువారిని బెదిరించేవారు.

1862లో చట్టం మారింది. ఒక సంఘం మరొక సంఘంలో వాటాదారు కావచ్చునన్నారు. వెంటనే 1863లో ఈ కొట్లలో పలు సంఘాలు కలిసి సొంత టోకు సంఘాన్ని రిజిస్టరు చేసుకున్నాయి. రాచ్‌డేలుకు చెందిన ఏబ్రహాం గ్రీన్‌వుడ్ దానికి తొలి అధ్యక్షుడు. 1864లో మాంచెస్టరులో వ్యాపారం మొదలైంది. తరువాత దానికే కోఆపరేటివ్ హోల్‌సేల్ సొసైటీ అన్న పేరు వచ్చింది.

ఈ సంఘం చేసిన గొప్ప పని, నా దృష్టిలో, ధర తగ్గించటం కాదు. సరుకు పుట్టే చోటికి కొనుగోలుదారుణ్ణి పంపటం. 1866లో ఐర్లండులోని టిప్పరరీలో వెన్న కొనే డిపో తెరిచింది. వర్తకుడు పంపిన పీపాను కళ్ళు మూసుకుని దించుకోవటం పోయి, సంఘం మనిషే వెన్న తయారయ్యే తావున నిలబడి ఏరుకునే పద్ధతి వచ్చింది. పీపాపైన బాగుండి లోపల పాచిపోయిన వెన్న వుండవచ్చు. అందుకని బోలుగా వుండే ఇనుప గుచ్చును లోతుగా దించి, తీసిన వెన్నను వాసన చూసి, రుచి చూసి వెల కట్టటం ఆ వ్యాపారంలో రివాజు. మన మిర్చి టిక్కీలో పైన ఎర్రకాయ, అడుగున తాలుకాయ పెడితే ఏం జరుగుతుందో మీరెరుగుదురు. అక్కడా అంతే!

1876లో న్యూయార్కులో, 1881లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో కూడా సంఘం మనుషులు దిగారు. 1876లోనే సొంత ఓడ కొన్నారు. 1902 నాటికి సింహళంలో తేయాకు తోటలు కూడా కొన్నారు.

ఇప్పుడు డెన్మార్కు రైతును చూడండి. అమెరికా నుంచి చౌక ధాన్యం ఐరోపాలో దిగేసరికి అతని గింజలకు గిరాకీ పడిపోయింది. అతను ఆవుల మీదికి తిరిగాడు. ఐర్లండు ఆవులు వసంతంలో ఈనేవి. పచ్చిగడ్డి వున్నన్నాళ్ళు వెన్న గుట్టలుగా వచ్చేది, చలికాలంలో చిక్కేది కాదు. ఇంగ్లండు ఇల్లాలికి రొట్టె మీదికి వెన్న పన్నెండు నెలలూ కావాలి గదా! డేన్ రైతు ఈ లోటు కనిపెట్టి, ఈత కాలం మార్చి, కొట్టంలో దాణా పెట్టి చలికాలంలోనూ పాలు తీశాడు. ఇక రెండో చిక్కు: ఇంటింటా చిలికిన వెన్న ఇంటికొక రుచి. 1882లో యెడింగ్ అనే పల్లె రైతులు మీగడ తీసే కొత్త యంత్రంతో సహకార పాలకేంద్రం పెట్టుకున్నారు. ఇంటి వాడకానికి పోను పాలన్నీ కేంద్రానికే పోయాలని రాసుకున్నారు. వెన్నంతా ఒకే ఉప్పు, ఒకే తీరు. మీగడ తీసిన పాలు తిరిగి ఇంటికి వచ్చేవి. వాటితో పందులను మేపారు. 1887లో హోర్సెన్స్‌లో పంది మాంసం తయారుచేసే సహకార కర్మాగారం కూడా వెలిసింది. ఆ సరుకూ ఇంగ్లండు బల్లకే!

కొనేవాడికి ఏది కావాలో ముందు తెలుసుకున్న రైతు ఇలా లాభపడ్డాడు. అయితే ఈ కథకు చేదు పక్క కూడా వుంది. దానిని దాచి చెప్పటం న్యాయం కాదు.

ఐర్లండులో హొరేస్ ప్లంకెట్ అనే ఆయన రైతులను కూడగట్టటంతో 1889లో డ్రమ్‌కలోగర్‌లో తొలి సహకార వెన్న కేంద్రం ఏర్పడింది. ఆ రోజులలోనే మాంచెస్టరు టోకు సంఘం తన డబ్బుతో తనే ఐర్లండులో వెన్న కేంద్రాలు కట్టసాగింది. అక్కడ రైతు వాటాదారు కాడు, ఉత్త పాలు పోసేవాడు. సంఘం వాదన: ‘మాకు మేలైన వెన్న చౌకగా కావాలి, మా సభ్యులు కూలివాళ్ళు.’ ప్లంకెట్ వాదన: ‘పాలు ఎవరివో కేంద్రం వారిదే కావాలి.’ రెండూ సహకార సంఘాల మాటలే, రెండూ పేదవారి తరఫు మాటలే. తిని బ్రతికే పేద ఒకడు, పండించి బ్రతికే పేద ఒకడు! నా మట్టుకు నేను ప్లంకెట్ పక్షాన వుంటాను. ఎందుకంటే పాలధర కొనేవాడొక్కడే నిర్ణయించే చోట, ఆ కొనేవాడు ఎంత మంచివాడైనా, లీటరుకు ఎంత మిగిలిందో పోసినవాడికి లెక్క తెలియదు. లెక్క తెలియనివాడు ఆవుకు మంచి దాణా పెట్టటానికి జంకుతాడు. చివరకు వెన్నే పలచబడుతుంది.

ఆ తగవు చాలా ఏండ్లు సాగింది. కడకు టోకు సంఘం ఐర్లండులో వెన్న కేంద్రాలు నడిపే పని నుంచి తప్పుకుంది. వాటిలో పలు కేంద్రాలు అక్కడి రైతు సంఘాల చేతికి వచ్చాయి. ఆ పైన మాంచెస్టరువారు వారి దగ్గర వెన్న కొనేవారుగా మాత్రమే మిగిలారు.