గాజుతొట్టిలో ఆఫ్రికా, కాలువలో జిలేబీ

కడియం పేరు వినగానే ఎవరికైనా పూలమొక్కలు గుర్తుకు వస్తాయి. కడియపులంక మొదలుకొని చుట్టుపక్కల గ్రామాల నర్సరీలలో దేశదేశాల మొక్కలు గోదావరి నీరు త్రాగి పెరుగుతున్నాయి. కనుక పరదేశపు జీవి మా ఊరికి వచ్చిందంటే మాకు ఆశ్చర్యం కలగదు. అయినా గత సంవత్సరం మా అబ్బాయి ఇంటి ముందుగదిలోకి ఆఫ్రికా చేపలు వచ్చినప్పుడు నాకు మొదట కొంత ఆశ్చర్యమూ, తరువాత కొంత దుఃఖమూ కలిగాయి. ఆ రెండింటి కారణమూ చెప్పడానికే ఈ వ్యాసం.

గాజుతొట్టి పొడవు అయిదడుగులు, వెడల్పూ ఎత్తూ రెండేసి అడుగులు. అంటే 20 ఘనపుటడుగులు, నిండా పోస్తే సుమారు 560 లీటర్ల నీరు. నీటి బరువే అర టన్నుకు పైన! అడుగున ఇసుక, దానిమీద గుట్టలుగా పేర్చిన రాళ్లు, ఆ రాళ్ల సందులలో పసుపు, నీలం, నారింజ రంగుల చేపలు. ఇవి సిక్లిడ్ అనే కుటుంబానికి చెందినవట. ఆ పేరుకు మూలమైన 'కిఖ్లే' అనే గ్రీకు మాట ఒక పిట్టకూ, ఒక సముద్రపు చేపకూ కూడా వాడుకలో ఉండేది. శబ్దవ్యుత్పత్తి కనబడితే ఆగలేకపోవడం తెలుగు పండితుడి జబ్బు, మన్నించాలి.

వీటి పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికాలోని మహాసరస్సులు. బర్టన్, స్పీక్ అనే ఆంగ్ల యాత్రికులు 1858లో టాంగన్యీకా సరస్సును చేరుకున్నారు. మరుసటి సంవత్సరం, 1859లో, లివింగ్‌స్టన్ బృందం న్యాసా సరస్సు ఒడ్డుకు చేరింది. నేడు దానినే మలావీ సరస్సు అంటున్నారు. ఆ బృందంలో వైద్యుడుగా ఉన్న జాన్ కిర్క్ సేకరించి పంపిన చేపలను బ్రిటిష్ మ్యూజియంలోని గుంథర్ 1864లో వర్ణించి ప్రకటించాడు. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో మలావీ చేపలు విమానాలెక్కి ప్రపంచమంతటా ఇళ్లలోని గాజుతొట్లలోకి చేరాయి. ఆ సరస్సులో ఒక భాగాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మా మనవడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. తొట్టి పోషణ అంతా వాడిదే. వాడు చెప్పగా నేను నేర్చుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. మలావీ నీరు క్షారగుణం కలది, కఠినజలం. అందుచేత తొట్టిలో ఆల్చిప్పల ముక్కలు వేసి నీటిని ఆ గుణానికి దగ్గరగా ఉంచాలి. రాళ్ల మధ్య బ్రతికే చేపలు రాతిమీది పాచిని గీరి తింటాయి. వాటికి మాంసాహారం ఎక్కువైతే పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి. ఇవి మహా పోట్లాటకోరులు. ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపల లెక్కన ఉంచాలి. చేపలు మరీ కొద్దిగా ఉంటే బలమైనది బలహీనమైన దానిని వెంటాడి చంపుతుంది, కాస్త ఎక్కువగా ఉంటే దాని కోపం పదిమందికీ పంచబడుతుంది. అలాగని నీరు పాడయ్యేటంతగా కుక్కరాదు. తరగతి గది నడిపినవాడికి ఈ సూత్రం కొత్తది కాదు!

అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది వాటి మాతృత్వం. తల్లి గుడ్లను నోటిలో దాచుకొని, మూడు వారాల పాటు దాదాపు నిరాహారంగా ఉండి, పిల్లలు ఈదగలిగిన తరువాతనే నోరు తెరుస్తుంది. ఆ దృశ్యం చూడడానికి ఇరుగుపొరుగువారు కూడా వచ్చేవారు. అయితే ఆరేడు నెలలు గడిచేసరికి తొట్టి పిల్లలతో నిండిపోయింది. ఒక సాయంకాలం మనవడు బకెట్‌తో నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, వీటిని మన కాలువలో వదిలేద్దామా? పాపం, హాయిగా బ్రతుకుతాయి" అన్నాడు.

నేను వెంటనే "వద్దురా" అన్నాను. "ఎందుకు తాతయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్నకు సమాధానం చరిత్రలో ఉన్నది. అందులో నా భాగం కూడా ఉన్నది.

మన జిలేబీ చేప, అంటే తిలాపియా, సిక్లిడ్ కుటుంబంలోనిదే. ఈ సంగతి చాలామందికి తెలియదు. మొదట మన దేశానికి వచ్చిన మొజాంబిక్ తిలాపియా ఆఫ్రికా ఆగ్నేయ తీరపు నదులది. 1939లో జావా ద్వీపంలో ఒక నదీముఖం వద్ద ఈ చేప కనిపించింది. దానిని గుర్తించి పెంచిన ముజైర్ అనే గ్రామీణుని పేరనే ఇండోనేషియావారు నేటికీ ఆ చేపను పిలుస్తారు. సముద్రాలు దాటి అది అక్కడికి చేరడానికి అలంకారపు చేపల సరదాయే కారణమై ఉండవచ్చునని పలువురి అభిప్రాయం. అంటే ఎవరి ఇంటి తొట్టిలోనుండో అది బయటపడి ఉండవచ్చునన్నమాట.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆహారపు కొరత ఆసియాను పీడిస్తున్న రోజులవి. ఏమి వేసినా తిని, ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బ్రతికి, ఏడాదికి పలుమార్లు పిల్లలు పెట్టే చేప పేదవాని పాలిటి వరమని అందరూ భావించారు. 1952లో బ్యాంకాక్ నుండి మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు ఈ చేపలను తెచ్చారు. సింహళం నుండి కూడా తెప్పించారు. అప్పటికి ఆంధ్రరాష్ట్రం ఏర్పడలేదు. మండపమూ, మా కడియమూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినది 1852లో. సరిగ్గా నూరేళ్లకు ఆ చేప మన రాష్ట్రంలో అడుగుపెట్టింది. కాటన్ దొర ఆనకట్టతో డెల్టా అంతటా నీటికి దారులు ఏర్పడ్డాయి. నీటికి దారి ఉన్నచోట చేపకూ దారి ఉన్నట్లే.

తెచ్చిన చేప చెరువులలో నిలువలేదు. అతిగా సంతానం పెట్టి, తిండి చాలక గిడసబారి, మిగిలిన చేపల మేతను పంచుకోసాగింది. ప్రమాదం గుర్తించిన భారత మత్స్య పరిశోధనా సంఘం 1959లోనే దాని వ్యాప్తిని నిషేధించింది. కాని ఏడేళ్లలో జరగవలసినది జరిగిపోయింది. ఉత్తర్వును మనుషులు చదువుతారు, చేపలు చదవవు కదా!

ఇక నా భాగం. 1970ల తొలినాళ్లలో, నాకు పదకొండు పన్నెండేళ్లప్పుడు, వేసవిలో కాలువ కట్టివేయగానే అడుగున మిగిలిన మడుగులలో పిల్లలమందరం చేపలు పట్టేవాళ్లం. ఒకసారి మాకు జిలేబీలు దొరికాయి. చావబోయే ప్రాణులను కాపాడితే పుణ్యమని మా నాయనమ్మ చెప్పిన మాట తలచుకొని, ఒక బిందెడు చేపలను మోసుకొనిపోయి మా పాత ఊరి చెరువులో వదిలాను. ఆ రాత్రి ఎంతో తృప్తిగా నిద్రపోయాను. ఉద్యోగంలో చేరిన తరువాత ఒక సెలవులలో ఆ ఊరు వెళితే, చెరువులో వల వేస్తున్న ముసలాయన, "చేదుపరిగెలు, బొమ్మిడాయిలు ఏవి బాబూ ఇప్పుడు? ఎటు వేసినా జిలేబీలే" అన్నాడు. పొలాల పురుగుమందులూ, చెరువు పూడికా కూడా అందుకు కారణాలే. నా ఒక్క బిందెతోనే అంతా జరిగిందని అనను. కాని ఆ మాట విన్న తరువాత నా పుణ్యం ఎటువంటిదో నాకు అర్థమయింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి మనవడికి చెప్పాను.

ఇంతటితో తిలాపియాను దుష్టునిగా తేల్చివేయడం న్యాయం కాదు. మేలుజాతి తిలాపియా తయారీ 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలయింది. ఆ 'గిఫ్ట్' రకాన్ని విజయవాడ సమీపంలో రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం పెంచుతున్నది. అనుమతితో, బయటకు పోకుండా కట్టుదిట్టం చేసి పెంచితే అది మంచి ఆహారమే. తప్పు చేపది కాదు, వదిలిన చేతిది.

మరొక విశేషం. సిక్లిడ్ కుటుంబంలో మన దేశపు స్వంత సభ్యులు కూడా ఉన్నారు. ఒళ్లంతా ముత్యాల వంటి చుక్కలు గల, మలయాళీలు కరిమీన్ అని పిలిచే చేప అందులో ఒకటి. కేరళ ప్రభుత్వం 2010లో దానిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించింది. మన తూర్పు తీరపు ఉప్పుటేరులలోనూ అది ఉన్నది. దాని దగ్గరి చుట్టాలు మడగాస్కర్ ద్వీపంలో ఉన్నాయి. ఒక కుటుంబంవారే అయినా, తరతరాలుగా ఈ నీటికి అలవాటుపడి అందరితో సర్దుకొని బ్రతికేవారు వేరు, హఠాత్తుగా వచ్చిపడినవారు వేరు.

సరస్సుల పుట్టినింట కూడా ఇదే కథ జరిగింది. విక్టోరియా సరస్సులో 1950లలో నైలు పెర్చి అనే పెద్ద చేపను వదిలారు. 1980లలో అది విజృంభించి, అక్కడి సిక్లిడ్ జాతులను వందల సంఖ్యలో కనుమరుగు చేసిందని శాస్త్రజ్ఞుల అంచనా. మనవడు తొట్టిలో అపురూపంగా చూసుకొంటున్న చేపల జ్ఞాతులు అవి! ఎక్కడ దోపిడీకి గురైనదో, మరొకచోట అదే దోపిడీదారు. మన తెలుగునాట కూడా ఒళ్లంతా పెంకులు గల దెయ్యపుచేప ఇళ్ల తొట్లలోనుండే కాలువలకూ, జలాశయాలకూ ఎక్కి, జాలర్ల వలలు చింపుతున్నది.

ఇదంతా విని మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత బకెట్ తీసుకొని లోపలికి వెళ్లాడు. మరునాడు రాజమండ్రిలోని రంగుచేపల దుకాణం వారితో మాట్లాడి, పిల్లలను వారికి ఇచ్చి, బదులుగా చేపల మేత తెచ్చుకున్నాడు. తొట్టిలో పిల్లలు దాగే సందులు కొన్ని తగ్గించాడు. ఆడ మగ కలిసి పెరగకుండా ఇంకొక చిన్న తొట్టి పెడతానంటున్నాడు. వాడి నాన్న కరెంటు బిల్లు చూసి నిట్టూరుస్తున్నాడు. అది వేరే కథ.

పాఠక మిత్రులలో ఎవరి ఇంటనైనా అలంకారపు చేపలు ఉంటే నా విన్నపం ఒక్కటే. కొనేముందే, ఇవి పెరిగి పిల్లలు పెడితే ఎవరికి ఇవ్వాలో ఆలోచించండి. చెరువులోనో కాలువలోనో వదలడం దయ అనిపించుకోదు. మా ఇంటి వెనుక కాకినాడ కాలువ ఎప్పటిలాగే పారుతున్నది. అందులో మిగిలిన చేదుపరిగెలకు నా వల్ల ఇంకొక అపకారం జరగలేదన్న తృప్తితో ఈ వ్యాసం ముగిస్తున్నాను.

స్వస్తి.