మునిగాయి, ముంచారు

నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను. అరవై దాటాక తెలుగు రాయడం మొదలుపెట్టాను. ఈసారి కువైట్ చరిత్ర కొంచెం, తెలుగు క్రియలు కొంచెం.

మొన్న మా మనవరాలు సముద్రం ఒడ్డున అడిగింది: "తాతయ్యా, ఈ నీళ్ళ కింద ఏముంది?" "చేపలు" అన్నాను. అది సగం జవాబు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పుడు కువైట్ నేవీకి జర్మనీలో కట్టిన మిసైల్ బోట్లు ఉండేవి. వాటిలో రెండే తప్పించుకున్నాయి: ఇస్తిక్లాల్, సన్‌బూక్. ఇస్తిక్లాల్ అంటే అరబ్బీలో స్వాతంత్ర్యం. మిగతావి ఇరాక్ చేతికి చిక్కాయి.

నేను బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్ళి, అక్కడ ఎయిర్ ఇండియా విమానం ఎక్కాను. చేతిలో ఒక్క సూట్‌కేసు. అలా 488 విమానాల్లో మనవాళ్ళు లక్షా 70 వేల మందికి పైగా ఇంటికి చేరారు.

నేను ఊళ్ళో ఉండగానే, 1991 జనవరి 29న బూబియాన్ దీవి దగ్గర యుద్ధం మొదలైంది. ఇరాక్ ఓడలు ఇరాన్ వైపు పారిపోవాలని చూశాయి. బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్లు సీ స్కువా మిసైళ్ళతో, అమెరికా విమానాలు బాంబులతో వాటిని కొట్టాయి. ఫిబ్రవరి 2 కల్లా ఇరాక్ నేవీ దాదాపు అయిపోయింది. రెండు ఓడలు మాత్రం బాగా దెబ్బతిని ఇరాన్ చేరాయి. ఆ ఏడాది దాడుల్లో పోయినవాటిలో, ఇరాక్ పట్టుకున్న కువైట్ బోట్లు కూడా ఉన్నాయి. అంటే ఇక్కడి సముద్రంలో పోయినవన్నీ శత్రువు కట్టుకున్న ఓడలు కావు.

ఇప్పుడు క్రియలు. "ఓడలు మునిగాయి" అంటే వాటంతట అవే మునిగినట్టు ఉంటుంది. "ఓడలను ముంచారు" అంటే ఎవరో ముంచారు. నేను ఇన్నాళ్ళూ "మునిగాయి" అనే చెప్పేవాడిని. ఆ మాటలో ముంచినవాడూ లేడు, లోపల ఉన్నవాడూ లేడు.

లోపల మనుషులు ఉన్నారు. వాళ్ళు నన్ను ఇంటి నుంచి తరిమిన సైన్యంవాళ్ళే. చాలా ఏళ్ళు నాకు వాళ్ళ మీద జాలి కలగలేదు. నిజం చెప్తున్నాను.

మహాలయ పక్షంలో తర్పణాలకు నేను నువ్వులు, దర్భలు సర్దుతాను. చివర్లో నా అనేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళ కోసం కూడా నీళ్ళు వదులుతారు. పోయినసారి ఆ నీళ్ళు వదిలేటప్పుడు బూబియాన్ గుర్తొచ్చింది. వాళ్ళకీ ఎక్కడో అమ్మలు ఉండి ఉంటారు.

మనవరాలికి మిగతా సగం జవాబు ఈ శుక్రవారం చెప్తాను. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.