ట్రాక్టర్ రిమ్ముకి వేరే రంగు ఎందుకు? ఎద్దుల బండి నుంచి స్ప్రే డబ్బా దాకా

పండగ దగ్గర పడేసరికి ఊళ్లో ట్రాక్టర్లు, ట్రాలీలు కడగడం, రిమ్ములకి రంగు కొట్టడం మొదలైంది. మొన్న ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, జాన్ డీర్ వాడు బాడీకి ఆకుపచ్చ వేసి రిమ్ముకి పసుపు ఎందుకు పెట్టాడు? ఒకే డబ్బాతో అయిపోయేది కదా" అని. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది. కాస్త పొడుగు పోస్టే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు మన బండి చక్రం గుర్తు తెచ్చుకోండి. యాభై దాటిన వాళ్లకి చెప్పక్కర్లేదు. చెక్క ఆకులు, చుట్టూ చెక్క వంపులు, వాటి మీద ఎర్రగా కాల్చి ఎక్కించిన ఇనప పట్టా. నీళ్లు పోయగానే పట్టా బిగుసుకుని చక్రం మొత్తాన్ని పట్టేస్తుంది. కానీ ఎండాకాలం వచ్చిందంటే చెక్కలో తడి పోయి ఆకులు వదులయ్యేవి, నడుస్తుంటే కటకటమనేవి. అప్పుడు చక్రాలు తీసి చెరువులో నానేసేవాళ్లం. వానాకాలం వస్తే ఇంకో బాధ, చెక్క నీళ్లు తాగి పుచ్చేది. అంటే చక్రానికి రంగు అనేది అందం కోసం పుట్టింది కాదు. చెక్కలోకి తడి పోకుండా, ఉన్న తడి ఊరికే బయటికి రాకుండా ఆపడానికి పుట్టింది.

ఆ ఆపే పని చేసేది నూనె. అన్ని నూనెలూ చెయ్యవు. మనం ఇరుసుకి కందెనగా వాడిన ఆముదం ఎన్ని రోజులున్నా జిడ్డుగానే ఉంటుంది, అందుకే అది కందెనకి పనికొచ్చింది. అవిసె గింజల నూనె అలా కాదు. గాలి తగిలితే ఆరి, గట్టి పొరలా మారుతుంది. ఇంగ్లండు, అమెరికాల్లో గుర్రబ్బగ్గీలు చేసే వాళ్లు ఈ అవిసె నూనెలో రంగుపొడి కలిపి పొర మీద పొర వేసేవాళ్లు. ఒక్కో పొర ఆరాక రుద్ది, మళ్లీ వేసి, పైన వార్నిష్ పట్టించేవాళ్లు. ఒక బండికి వారాలు పట్టేది. చక్రానికి సన్నటి గీతలు గీయడం చూడ్డానికి పెద్ద విద్యలా ఉంటుంది గానీ ఉపాయం తేలిక. చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పుతారు, కుంచె పట్టిన చెయ్యి కదలకుండా ఉంచుతారు, అంతే. మన కుమ్మరి సారె మీద కుండకి గీత పెట్టినట్టే.

ఆ బగ్గీల వాళ్ల అలవాటు ఏంటంటే, మనుషులు కూర్చునే పైభాగానికి ముదురు రంగు, కింద చక్రాలకీ ఇరుసుకీ పసుపో ఎరుపో, మెరిసే రంగు. నన్నడిగితే దీనికి రెండు లాభాలు. దుమ్ము పడితే లేత రంగు మీద అంతగా కనపడదు. ఆకుకి బీటొస్తే లేత రంగు మీద వెంటనే కనపడుతుంది. మోటారు బండ్లు వచ్చినప్పుడు వాటిని మొదట కట్టిందీ చాలావరకు ఈ బగ్గీల పనివాళ్లే కాబట్టి అలవాటు అలాగే కార్లకి, తర్వాత ట్రాక్టర్లకి వచ్చేసింది.

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చినప్పుడు దాని చక్రాలు చెక్కవే. మొదట్లో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కూడా అమ్మారు. 1914 నుంచి 1925 దాకా మాత్రం ఒక్క నలుపే. చౌకగా రావాలి, గట్టిగా ఉండాలి, పని ఆగకూడదు. దానికి దొరికిందే తారులాంటి ఖనిజాన్ని అవిసె నూనెతో కలిపి చేసిన నల్ల ఎనామెల్. దాన్నే జపాన్ నలుపు అనేవాళ్లు.

ఆ నలుపుని పోగొట్టింది ఎవరో తెలుసా? మన పత్తి. జిన్నింగు అయ్యాక కూడా గింజని అంటుకుని పొట్టి నూగు ఉంటుంది కదా, లింటర్స్ అంటారు. దాన్ని నైట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి మందు అదే. యుద్ధం అయిపోయాక కంపెనీల దగ్గర ఆ సరుకు చేసే ఫ్యాక్టరీలు మిగిలిపోయాయి. డ్యూపాంట్ కంపెనీ దాంతో డ్యూకో అనే రంగు చేసింది. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలం రంగులో మొదట వేశారు. వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే ఫోర్డ్ కూడా 1926 మోడల్‌కి మళ్లీ రంగులు తెచ్చాడు. మనం క్వింటా ధర కోసం యార్డు ముందు పడిగాపులు పడే పత్తిలోంచి కార్లకి రంగొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆముదానికి కూడా తర్వాత గౌరవం దక్కింది లెండి. దాని అణువులోంచి నీటి భాగం తీసేస్తే అది కూడా ఆరే నూనె అవుతుందని కనిపెట్టి రంగుల్లో వాడారు.

ఈలోగా చక్రం చెక్క నుంచి ఇనుముకి మారింది. చెక్కకి పుచ్చు అయితే ఇనుముకి తుప్పు, రంగు అవసరం తీరలేదు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ బూడిద రంగు బాడీతో, ఎర్ర ఇనప చక్రాలతో పేరు తెచ్చుకుంది. ఫార్మాల్ ట్రాక్టర్లు కూడా బూడిద బాడీ, ఎర్ర చక్రాలే. 1936 చివర్లో మొత్తం ఎరుపు చేశారు. తమ్ముడు అడిగిన ఆకుపచ్చ, పసుపు జత వాటర్లూ బాయ్ అనే ట్రాక్టర్‌ది. ఆ ఫ్యాక్టరీని 1918లో జాన్ డీర్ కొన్నాడు, ఆ రంగులే నిలిచిపోయాయి. దూరం నుంచి పొలంలో చూస్తే ఏ కంపెనీదో తెలిసిపోవాలి, అదీ వ్యాపారం. మన దేశంలో 1959లో ఐషర్, 1974లో స్వరాజ్ బయటికొచ్చాయి. అప్పటి నుంచి మనమూ రంగు చూసే బండి పేరు చెబుతున్నాం.

ఇక ఇంట్లో రంగు వేసుకోవడం. కుంచెతో వేసుకునే వాళ్లు మోడల్ టి రోజుల నుంచే ఉన్నారు. 1942లో అమెరికా యుద్ధం కోసం క్రోమియం ఆపేస్తే కంపెనీలే మెరుపు భాగాలకి రంగు పూసి అమ్మాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత కార్లు కొని, మామూలు ఇనప రిమ్ములకి ఎర్ర రంగు కొట్టుకుని తిరిగారు. ఇప్పుడు మన పిల్లలు బ్రేక్ క్యాలిపర్‌కి ఎరుపు వేస్తున్నారే, ఆ సరదాకి తాతలు వాళ్లు.

స్ప్రే డబ్బా కథ మాత్రం మనకి దగ్గరది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు దోమలతో, మలేరియాతో పడిపోతుంటే అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గుడ్‌హ్యూ, సలివన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పురుగుమందుని డబ్బాలో గ్యాసుతో నింపి చిమ్మే పద్ధతి తయారుచేశారు. అంటే మొదట అది మందు కొట్టే డబ్బా! 1949లో ఎడ్వర్డ్ సీమూర్ అనే రంగుల వ్యాపారి తన సిల్వర్ పెయింటు ఎలా ఉంటుందో చూపించాలనుకున్నాడు. డబ్బాలో పెట్టి చిమ్మమని చెప్పింది అతని భార్య బానీ. అలా మొదటి స్ప్రే రంగు సిల్వరే అయింది, ఈ రోజు మన రిమ్ములకి కొడుతున్న రంగు. లోపల ఇప్పుడు ఎక్కువగా నింపేది ప్రొపేన్, బ్యూటేన్, అంటే వంట గ్యాసే. కాబట్టి పొయ్యి దగ్గరో, బీడీ నోట్లో పెట్టుకునో కొట్టకండి.

ఇంత చరిత్ర చెప్పింది ఊరికే కాదు. రెండు సంగతులున్నాయి.

మొదటిది సీసం. పాత రోజుల్లో ఎరుపు, పసుపు రంగులు, ఇనుముకి వేసే సింధూరం ప్రైమరు, వీటిలో సీసం ఉండేది. మన ప్రభుత్వం ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని 2016లో రూలు చేసి, 2017 నవంబర్ నుంచి అమలు పెట్టింది. కానీ ముప్పై నలభై ఏళ్ల నాటి రిమ్ము మీద పాత రంగు పాతదే. దాన్ని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోతుంది, పిల్లల మెదడుకి సీసం విషం. తడిపి రుద్దండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని ఆ చాయలకి రానివ్వకండి. డ్రమ్ములో ఉన్న బ్రేకు దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది.

రెండోది నట్లు. మూడేళ్ల కింద మా బంధువు ట్రాలీకి టౌన్లో ఒకాయన రంగు వేశాడు, పేరు అనవసరం. అద్దంలా మెరిసింది. నట్టు కూర్చునే చోట, రిమ్ము హబ్బుకి ఆనే చోట కూడా మందంగా పట్టించాడు. బరువు పడ్డాక ఆ రంగు నలిగి పల్చబడింది, బిగింపు పోయింది. పత్తి లోడుతో వస్తుంటే చక్రం ఊడి కాలవలో పడింది. వెనక బండి మీద వస్తున్న పిల్లాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఇనుము మీద ఇనుము ఆనాల్సిన చోట రంగు ఉండకూడదు. అక్కడ గ్రీజు పూసో, కాగితం అంటించో కొట్టి, బిగించే ముందు శుభ్రంగా తుడిచెయ్యండి. డ్రమ్ము లోపల లైనింగు రాసుకునే చోట కూడా అంతే. మిగతా చోట తుప్పు పూర్తిగా తీసి, తిన్నరుతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక పొర, ఆరాక రంగు పల్చగా రెండు మూడు పొరలు. దమ్ము చేసే బండైతే గాలి గొట్టం బెజ్జం చుట్టూ మరింత జాగ్రత్తగా చూడండి, రిమ్ము ముందు పుచ్చేది అక్కడే. బండి ఒక పూట నడిచాక నట్లు మళ్లీ ఒకసారి బిగించండి.

మీ ఇళ్లలో రంగు గీతలున్న పాత చెక్క చక్రం ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఫొటో పెట్టండి, చూడాలని ఉంది.